పరిమళానికి పెట్టే పేరు

ఇంటివద్దనే సబ్బులు, కొవ్వొత్తులు, ముఖానికి రాసుకునే క్రీములు తయారుచేసి బంధువులకు, ఇరుగుపొరుగు వారికి విక్రయించే సోదరీమణులు ఇప్పుడు అనేక పట్టణాలలో కనిపిస్తున్నారు. ఇంటి బాధ్యతలు చూసుకుంటూనే ధర్మసమ్మతంగా నాలుగు రూపాయలు సంపాదించుకునే ఈ మార్గాన్ని మేము మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాము. ఆ వస్తువులను అమ్ముడుపోయేలా చేసేది చాలావరకు వాటి సువాసనే. సబ్బును చేతిలోకి తీసుకున్నవారు ధర అడగకముందే దానిని వాసన చూస్తారు. ఆ సువాసన ఎక్కడినుంచి వచ్చింది, దానిని ఏ పేరుతో అమ్ముతున్నాము అన్న విషయాన్ని ఈ మాసం ముచ్చటించదలిచాము.

దైవప్రవక్త (స) సువాసనను ఎంతగానో ఇష్టపడేవారనీ, ఎవరైనా సుగంధాన్ని కానుకగా ఇస్తే తిరస్కరించేవారు కారనీ హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుస్తున్నది. జుమా రోజున స్నానం చేసి, సుగంధం రాసుకొని మస్జిదుకు వెళ్ళడం పురుషులకు సున్నత్. పండుగనాడు అత్తరులో ముంచిన చిటికెడు దూదిని చెవి మడతలో పెట్టుకొని ఈద్‌గాహ్‌కు బయలుదేరే పెద్దలు మన ఇళ్ళలో నేటికీ ఉన్నారు. చార్మినార్ పరిసరాలలోని అత్తరు దుకాణాలకు రమజాన్ మాసంలో వచ్చే రద్దీ సంగతి చెప్పనవసరం లేదు. ‘అత్తరు’ అనే మాటకు మన సమాజంలో ఇంతటి గౌరవం ఉన్నది గనుకనే వ్యాపారంలో ఆ మాటను తేలికగా వాడరాదని మా అభిప్రాయం.

సంప్రదాయ అత్తరు ఎలా తయారవుతుందో ఒకసారి చూద్దాం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణంలో ‘దేగ్’ అనే రాగి పాత్రలో పూలు, నీరు పోసి, మూతచుట్టూ మట్టితో మెత్తి, కింద మంట పెడతారు. పూల ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టిలో ఉంచిన ‘భప్కా’ అనే మరో పాత్రలోకి చేరుతుంది. అందులో ముందే పోసి ఉంచిన చందన తైలం ఆ పరిమళాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. కొత్త పూలతో రోజుల తరబడి ఇదే పని సాగుతుంది. మన శ్రీకాకుళం జిల్లాకు ఆనుకొని ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలిపూల నుంచి పరిమళాన్ని తీసేది కూడా ఇటువంటి బట్టీలలోనే. మనం బిర్యానీలో చల్లుకునే కేవ్‌డా నీటికి ఆ ప్రాంతం ప్రసిద్ధి. ఇక కల్తీలేని గులాబీ తైలం ఒక కిలో రావాలంటే 3,000 కిలోలకు పైగా పూలు కావాలి.

దుకాణాలలో ‘గులాబీ’, ‘మల్లె’, ‘సంపంగి’ పేర్లతో చౌకగా దొరికే పరిమళ నూనెల సంగతి వేరు. ఆ వాసననిచ్చే రసాయనాలను ప్రయోగశాలలో కూర్చి వాటిని తయారుచేస్తారు. అందులో దోషమేమీ లేదు. ప్రకృతి నుంచి వచ్చినదంతా మంచిదనీ, ప్రయోగశాలలో పుట్టినదంతా చెడ్డదనీ చెప్పే ప్రచారాన్ని మేము అంగీకరించము. కానీ లెక్క మాత్రం చూసుకోవాలి. 100 గ్రాముల సబ్బులో సుమారు 2 గ్రాముల పరిమళం ఉంటుంది. అసలు గులాబీ తైలం ధర కిలో 5 లక్షల రూపాయలే అనుకున్నా, ఆ 2 గ్రాముల విలువ 1,000 రూపాయలు అవుతుంది. అటువంటప్పుడు 80 రూపాయల సబ్బుపై ‘స్వచ్ఛమైన గులాబ్ అత్తరుతో’ అని రాయడం ఎలా నిజమవుతుంది? ‘ఆల్కహాల్ లేనిది’ అన్న ముద్ర కూడా ఇటువంటిదే. ఆ మాట నిజమే కావచ్చు. అయితే దానిని చూసి ఇది పూలనుంచి తీసినదని కొనేవారు భ్రమిస్తే, ఆ భ్రమను తొలగించవలసింది అమ్మేవారే.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనిపించేలా ఆ తడిసిన దానిని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన అనుయాయి కాడని హెచ్చరించారు. ఆ వర్తకుని ధాన్యం చెడ్డదని ఆయన అనలేదు, అమ్మవద్దనీ అనలేదు. లోపాన్ని దాచడాన్నే తప్పుపట్టారు. కృత్రిమ పరిమళాన్ని కృత్రిమమని చెప్పి అమ్మే సోదరికి ఈ హదీసు ధైర్యాన్నే ఇస్తుందని మేము భావిస్తున్నాము.

పేరు తప్పితే ఆరాధనకే భంగం కలిగే సందర్భం ఒకటున్నది. ఇహ్రామ్ స్థితిలో ఉన్న హజ్, ఉమ్రా యాత్రికులు సుగంధాన్ని వాడరాదు. అత్యధిక పండితులు సువాసన గల సబ్బును కూడా ఇందులోనే చేర్చారు. భర్తను కోల్పోయిన స్త్రీ కూడా 4 నెలల 10 దినాల ఇద్దత్ కాలంలో సుగంధానికి దూరంగా ఉంటుంది. వీరికోసం చేసే సబ్బులో పరిమళం ఏమాత్రం కలపకూడదు. నూనెల సహజమైన వాసనను కప్పిపుచ్చడానికి కొద్దిగా పరిమళం కలిపి, ‘వాసన లేనిది’ అని అమ్మేవారు కూడా ఉన్నారు. వాసన తెలియకపోవడం వేరు, పరిమళం కలపకపోవడం వేరు. కొబ్బరి నూనెతో, ఏ పరిమళమూ లేకుండా చేసిన మామూలు సబ్బు యాత్రికులకు ఎంతో ఉపయోగం. ఈ పనిలో ఉన్న సోదరీమణులు దీని గురించి ఆలోచించాలి.

ఇక చర్మం సంగతి. పూల వాసననిచ్చే లినలూల్, జెరానియోల్ వంటి పదార్థాలు అసలు పూలలోనూ, కృత్రిమ నూనెలలోనూ ఉంటాయి; కొందరికి ఇవి దురద, దద్దుర్లు కలిగిస్తాయి. లిల్లీ పూల వాసన కోసం విస్తారంగా వాడిన ‘లిలియల్’ అనే రసాయనాన్ని సంతాన సామర్థ్యానికి హానికరమని గుర్తించి, ఐరోపా సమాఖ్య 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాలలో నిషేధించింది. కాబట్టి సీసాపై పేరు తప్ప మరే వివరమూ లేని నూనెను కొనవద్దు. ‘ఇఫ్రా’ అనే అంతర్జాతీయ పరిమళ సంఘం ప్రమాణాల ప్రకారం ఏ వస్తువులో ఎంత మేరకు కలపవచ్చో తెలిపే పత్రాన్ని అమ్మేవారిని అడిగి తీసుకోవాలి. సాధారణంగా సబ్బుకు నూనెల బరువులో నూటికి 3 వంతులు, చర్మంపై ఉండిపోయే క్రీముకు 1 వంతు లేదా అంతకంటే తక్కువ సరిపోతుంది. పత్రంలోని పరిమితి ఇంతకంటే తక్కువైతే దానినే పాటించాలి. చుక్కలు లెక్కించకుండా చిన్న త్రాసుతో తూచాలి. పసిపిల్లలకు వాడే వాటిలో పరిమళమే వద్దు. కొవ్వొత్తులలో నూటికి 6 నుంచి 10 వంతుల వరకు కలుపుతారు గానీ, కొవ్వొత్తుల కోసం చేసిన నూనె చర్మానికి పనికిరాకపోవచ్చు. రెండింటి సీసాలను వేర్వేరు అరలలో ఉంచాలి.

కాస్టిక్ సోడాతో సబ్బు చేసేవారికి ఒక మాట. పూల పరిమళాలు కొన్ని కలపగానే సబ్బు జావ అచ్చులలో పోసే వ్యవధి ఇవ్వకుండా గడ్డకట్టిపోతుంది. కొత్త నూనెను ముందుగా కొద్దిపాటి జావలో కలిపి పరీక్షించుకోవాలి. పరిమళం వేసిన తరువాత యంత్రంతో గాక గరిటెతో కలపాలి. సోడాను నీటిలో వేయాలే గాని నీటిని సోడాపై పోయరాదు, అల్యూమినియం పాత్ర వాడరాదు, పిల్లలను దగ్గరికి రానీయరాదు. ఆ సబ్బును 4 నుంచి 6 వారాలు ఆరనిచ్చిన తరువాతే అమ్మాలి.

అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారుచేయాలంటే మన దేశ చట్టం ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. చిన్న స్థాయిలో మొదలుపెట్టినవారు కూడా ఈ విషయం తెలుసుకొనే ముందడుగు వేయాలి. లేబులుపై వాడిన నూనెల పేర్లు, బరువు, తయారైన తేదీ, చిరునామాతో పాటు ‘గులాబీ వాసన గల కృత్రిమ పరిమళం కలిపినది’ అని తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయించాలి. దానికి అదనంగా పట్టేది ఒక్క పంక్తి చోటు మాత్రమే.