జాతి ఎంపిక – పళ్ళెంలో మిగిలినది

కుక్కను పెంచదలచినవారు మొదట అడిగేది "ఏ జాతి అందంగా ఉంటుంది?" అనియే. అది మన మే నెలను ఎట్లు భరిస్తుందో, మన వంటింట దానికేమి దొరుకుతుందో ముందు తేల్చుకోవాలని నా అభిప్రాయం.

2003లో ఒక టెలిఫోను ప్రకటన వచ్చిన పిమ్మట నగరాలలో పగ్ జాతికి గిరాకీ పెరిగింది. ఆ చప్పిడి ముక్కును చూచి మురిసినవారే గాని, దాని ఊపిరి ఇబ్బందిని యోచించినవారు అరుదు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి చలువ. ముక్కు నొక్కుకుపోయిన జీవికి ఆ వగర్పే కష్టం. ఇక రెండు పొరల బొచ్చు గల సైబీరియా హస్కీని 40 డిగ్రీలు దాటే హైదరాబాదు ఎండలో మేడమీద కట్టివేయడాన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు.

తపాలా శాఖ 2005లో వెలువరించిన స్టాంపులకెక్కిన ముధోల్, రాజపాళయం జాతులు మన ఎండకు అలవాటుపడినవే. కాని ముధోల్ వేటకుక్క. పరుగుకు చోటులేని ఇరుకు వాటాలో దానిని ఉంచడమూ అన్యాయమే. అటువంటి ఇంటికి టీకాలు వేయించిన ఊరకుక్క పిల్లయే మేలు.

తిండి విషయంలో మన ఆదరణే దానికి ముప్పు. దావతు ముగిసిన రాత్రి మిగిలిన బిర్యానీని ప్రేమతో పెడతాము. అందులోని ఉల్లి, వేయించినదైనా సరే, కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. ఉడికిన కోడి ఎముక చీలి పేగులను గుచ్చవచ్చు. షీర్ ఖుర్మాలోని కిస్మిస్ మూత్రపిండాలకు చేటు. మసాలా కలుపకముందే నాలుగు మాంసపు ముక్కలు వేరుగా ఉడికించి, ఎముక తీసి, చప్పటి అన్నంలో కలిపితే అయ్యే శ్రమ ఎంత?