మిట్టమధ్యాహ్నపు కూలి

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దల మాట. రోళ్ల సంగతి యెట్లున్నను మనుష్యులు మాత్రము కూలుచున్నారు. 2015 మే నెలలో వడగాలులకు భారతదేశమున రెండువేలకు పైగా జనులు మరణించిరి; వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్ర, తెలంగాణములవారే. 2003లోను మనకిట్టి యాపదయే సంభవించినది. పోయినవారిలో ఎక్కువమంది కూలినాలి జనము, ముదుసళ్లు. ఇది దైవికమని తలయూచి యూరకుండుట మాకు సమ్మతము కాదు. ఎండ దైవికమే; ఎండలో పని పెట్టుట మానవకృతము.

మనుష్యదేహపు వేడి 37 డిగ్రీలు. చెమట ఆరిననే ఒడలు చల్లబడును. రెంటచింతల, రామగుండముల పొడియెండలో చెమట ఆరును గాని దేహములోని నీరు, ఉప్పు శీఘ్రముగా తరిగిపోవును. మచిలీపట్టణము, కాకినాడల యుక్కలో చెమట సరిగా ఆరదు; ఉష్ణమాపకము తక్కువ చూపినను అపాయము తక్కువ కాదు. బరువుపని చేయువానికి కండరముల వేడి మరియొక పొయ్యి. దేహోష్ణము 40 డిగ్రీలు దాటి మాట తడబడెనా, అది వడదెబ్బయే. వానిని నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరుచు వైద్యశాలకు గొనిపోవలయును. స్మృతి తప్పినవాని నోట నీరు పోయరాదు. ప్రతి పఠనమందిరపు గోడమీదను ఈ నాలుగు మాటలు వ్రాసియుంచదగును.

చలివేంద్రములు పెట్టు పుణ్యాత్ములను మనసార నభినందించుచున్నాము. కాని ఊరి వెలుపల తారు కాచుచున్న కూలికి బజారులోని మజ్జిగ వలన ప్రయోజనమేమి?

1948 నాటి కర్మాగారముల చట్టము పనిగదులలో గాలియు వేడిమియు తగురీతి నుండవలెనని శాసించెను. కప్పే లేనిచోట పనిచేయువారికి, రోడ్డు కూలికి, ఇటుకబట్టీవానికి, మిరప కళ్లములోని స్త్రీకి, ఆ వాక్యమున చోటు లేకపోయెను. కరీంనగరమునుండియు కోనసీమనుండియు గల్ఫునకు పోయిన మనవారిని చూడుడు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పండ్రెండున్నర మొదలు మూడుగంటల వరకు ఎండలో పని నిషిద్ధము. (అచ్చటి కూలివారి తక్కిన కష్టములను మేము మరువలేదు.) పరదేశమున దొరకిన ఆ రెండున్నర గంటల నీడ స్వదేశమున దొరకకుండుట మనకు గౌరవమా?

2010 నాటి వడగాలుల పిదప అహమ్మదాబాదు నగరము 2013లో ముందస్తు హెచ్చరికలతో నొక ప్రణాళిక నేర్పరచుకొనెను. మన రాష్ట్రములును అట్టి ప్రణాళికలు వ్రాసికొన్నవి. మధ్యాహ్నము ఎండలో పని వలదను హితవు అందు గలదు. హితవు చట్టము కాదు. దానిని పాటించిన దినమున కూలివానికి కూలి తెగును. అందుచేతనే వాడు పాటింపడు.

దీనికి క్రొత్త శాసనము వచ్చువరకు పురపాలకసంఘములు వేచియుండ నక్కరలేదు. గుత్తేదారుతో వ్రాసికొను ఒడంబడికలో ఒక్క నిబంధన చేర్చిన చాలును: ఏప్రిలు, మే మాసములలో పని తెల్లవారుజామున మొదలై పదకొండు గంటలకు నిలువవలెను, కూలి తగ్గరాదు, నీరు, నీడ గుత్తేదారు బాధ్యత.

పాఠకమహాశయులలో ఇండ్లు కట్టించుచున్నవారు పెక్కురు గలరు. వారు రేపే మేస్త్రీని పిలిచి వేళలు మార్చుకొనవచ్చును. ప్రభుత్వపు టాజ్ఞ వచ్చువరకు వారాగుటకు కారణమేదియు మాకు కానరాదు.