మూడేళ్ల ముచ్చట

2011 అక్టోబర్ 28, శుక్రవారం. ఢిల్లీకి దగ్గర్లోని గ్రేటర్ నోయిడా. మన దేశంలో జరగబోయే తొలి ఫార్ములా వన్ పోటీకి మొదటి ప్రాక్టీస్. కోట్ల రూపాయల కార్లు ట్రాక్ మీదికి వచ్చాయో లేదో... ఎక్కణ్నుంచి దూరిందో, ఓ ఊరకుక్క తాపీగా రోడ్డెక్కేసింది! ఎర్రజెండా చూపించి ప్రాక్టీస్ ఆపేశారు. దాన్ని బయటికి తరిమాకగానీ కార్లు కదల్లేదు.

కుక్కని తరమడం తేలికే. ఇండియన్ గ్రాండ్ ప్రిని మూడేళ్లకే మూలన పడేసిన చిక్కుల్ని మాత్రం ఎవరూ తరమలేకపోయారు.

అక్టోబర్ 30న అసలు పోటీ. సుమారు 95 వేలమంది వచ్చారు. ట్రాక్ పొడవు 5.125 కిలోమీటర్లు, మొత్తం 60 ల్యాప్‌లు. రెడ్ బుల్ జట్టు డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ మొదటి ల్యాప్ నుంచి చివరిదాకా ఎవర్నీ ముందుకి రానివ్వలేదు. గెలుపు జెండా ఊపింది మన సచిన్. ఆ సీజన్ మధ్యలో సీటు పోగొట్టుకున్న నరైన్ కార్తికేయన్‌ని సొంతగడ్డ మీద పోటీ అని జట్టు మళ్లీ పిలిచింది. అతనిది 17వ స్థానం. హెచ్‌ఆర్‌టీలాంటి వెనకబడిన జట్టు కారుతో అదేమీ తక్కువ కాదు. అన్నట్టు, ఆ ట్రాక్ పేరు బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్. గంటకి 300 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే చోటుకి శాంతమూర్తి పేరు! ఉన్నది గౌతమబుద్ధ నగర్ జిల్లాలో మరి.

నిజానికి మనకి కార్ల పందేలు కొత్తేమీ కాదు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో చోళవరం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఒకటి అక్కడ ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు దానిమీదే పందేలు నడిపింది. విదేశీ కార్లు కొని తెచ్చుకోవడం కష్టమైన రోజుల్లో ఫియట్‌లు, అంబాసిడర్‌ల ఇంజిన్లనే విప్పి, మెరుగులు దిద్ది పరుగెత్తించేవారు. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర క్లబ్‌కి సొంత ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరుకి చెందిన కరివర్ధన్ మారుతి ఇంజిన్‌తో ఒంటిసీటు రేసు కారు తయారుచేయించాడు. అదే ఫార్ములా మారుతి. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్లిన తొలి భారతీయుడు నరైన్ ఓనమాలు దిద్దుకున్నది అలాంటి కారులోనే.

గ్రాండ్ ప్రి మన హైదరాబాద్‌కీ రావాల్సింది. 2003లో చంద్రబాబు ప్రభుత్వం గోపనపల్లిలో ట్రాక్ కట్టించాలనుకుంది. 2004లో ప్రభుత్వం మారింది. ఆలోచన అటకెక్కింది. చివరికి ట్రాక్ కట్టింది ఉత్తరప్రదేశ్‌లో, జేపీ గ్రూపు.

అక్కణ్నుంచి మొదలైంది అసలు కథ. కార్ల పందెం ఆటా, వినోదమా? ఆట కాదు, వ్యాపారంతో కూడిన వినోదమే అంది కేంద్ర క్రీడాశాఖ 2009లో. నాలుగు రోజుల కోసం వచ్చి వెళ్లిపోయే కార్లు, ఇంజిన్లు, టైర్లకి సుంకం మినహాయింపు దక్కాలన్నా అది ఆటేనని ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వమేమో వినోదపు పన్ను వద్దంది. దానిమీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పోటీకి తొమ్మిది రోజుల ముందు కోర్టు... టికెట్ల రాబడిలో 25 శాతం విడిగా జమచేయమంది. మరోపక్క భూములిచ్చిన రైతులు పరిహారం చాల్లేదంటూ ఆందోళన చేశారు.

క్రికెట్ మ్యాచ్‌కి వెళ్లేదీ వినోదానికే కదా అని వాదించొచ్చు. కానీ పోటీ పెట్టుకునే హక్కు కోసమే నిర్వాహకులు 4 కోట్ల డాలర్లకి ఒప్పందం రాసుకున్న వ్యవహారమిది. దీన్ని ఊళ్లో కబడ్డీ పోటీతో సమానంగా చూడమంటే ఎలా? ఏదైనా సరే, అది ట్రాక్‌కి పునాది వేయకముందే తేలాల్సిన లెక్క!

2013 అక్టోబర్ 27న వెటెల్ ఇక్కడ వరసగా మూడోసారి గెలిచాడు. దాంతోపాటే నాలుగో ప్రపంచ టైటిలూ చేతికొచ్చింది. ఆ సంబరంలో కారుని జనం ముందు బొంగరంలా గిరగిరా తిప్పి, కిందికి దిగి దానికి వంగి దండం పెట్టాడు. అలా చేయడం నిబంధనలకి విరుద్ధమంటూ జట్టుకి 25 వేల యూరోల జరిమానా వేశారు. ప్రేక్షకులకి మాత్రం పైసా వసూల్.

2014 క్యాలెండర్‌లో మన పోటీ లేదు. మరుసటి ఏడాది వస్తామన్నారు, రాలేదు. పన్ను గొడవ మాత్రం సాగుతూనే ఉంది. పోటీ జరిగింది కొద్దిరోజులే అయినా, ఫార్ములా వన్ సంస్థకి ఇక్కడ స్థిర వ్యాపార కేంద్రం ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. అంటే ఇక్కడి ఆదాయం మీద పన్ను కట్టాల్సిందే. అదే ఏడాది జేపీ ఇన్‌ఫ్రాటెక్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అప్పులు తెచ్చి డబ్బు కట్టిన 20 వేలకుపైగా కుటుంబాలు ఫ్లాట్ల కోసం ఏళ్లతరబడి ఎదురుచూశాయి. ట్రాక్ పరిసరాల్లో గ్రూపుకిచ్చిన భూకేటాయింపుని 2020లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే సంస్థ రద్దుచేసింది. 2023 సెప్టెంబర్‌లో అదే ట్రాక్ మీద మోటోజీపీ బైకులు పరుగెత్తాయి. మరుసటి ఏడాదికి అదీ రాలేదు.

ఇరవై ఏళ్ల కిందట చేజారిన రేసు హైదరాబాద్‌కి మరో రూపంలో వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ... కరెంటు కార్ల పోటీ. ఫ్రాన్స్‌కి చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండో పోటీ 2024 ఫిబ్రవరిలో జరగాలి. 2023 డిసెంబర్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జనవరిలో రేసు రద్దయింది.