జొన్నను నిందింపనేల?

పాలమూరు సీమలో జొన్న ధాన్యములలో నొకటి కాదు, కూడనిన నదియే. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో నది గటకయై, అంబలియై, రొట్టెయై తరతరముల కాపులను, కూలీలను బ్రదికించినది. అట్టి గింజకు నేడు రెండు వైపులనుండి యన్యాయము జరుగుచున్నది. కొందఱు దానిని రోగకారిణి యందురు. 2023వ సంవత్సరము అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ జరుపబడిన పిదప మఱికొందఱు దానిని సర్వరోగ నివారిణి యనుచున్నారు. ఈ రెండు మాటలును తప్పే. అందులకు సాక్ష్యము పెల్లాగ్రా యను వ్యాధి.

ఈ వ్యాధి సోకినవాని మెడయు, ముంజేతులును, పాదములును ఎండ తగిలినంత మేర నల్లబడి పొలుసులు లేచును. మెడచుట్టు కంటెవలె వలయ మేర్పడును. బట్ట కప్పిన చోట చర్మము బాగుగనే యుండును. పిమ్మట నోరు పూయును, విరేచనములు పట్టును, మతి చలించును. చికిత్స లేనిచో మరణము తప్పదు. ఇట్టి దీనుని జూచి కుష్ఠమనియు, దేవతాగ్రహమనియు, పూర్వజన్మ పాపమనియు దూరముగ నుంచుట శాస్త్రమునకును దయకును గూడ ద్రోహము. ఇది యంటువ్యాధి కాదు. 1915లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు 11 మంది ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన నిస్సారపు భోజనము పెట్టించగా, నెలలు గడచునప్పటికి 6గురికి ఈ వ్యాధి పుట్టెను. మఱుసటి యేట నతడు రోగుల రక్తమును తన దేహమున నెక్కించుకొనియు జబ్బుపడలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ చేసిన పరిశోధనతో లోపించిన పదార్థము తెలిసినది. అదియే నయాసిన్ అను విటమిను.

మొక్కజొన్న తినువారికి వచ్చు రోగము మన జొన్న తినువారి కేల వచ్చెను? 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యనబడుచున్న పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు ఈ ప్రశ్ననే పరిశీలించిరి. జొన్నలోని మాంసకృత్తులందు లూసిన్ అధికమనియు, శరీరము ట్రిప్టొఫాన్ నుండి నయాసిన్ చేసికొను పనికి నది యడ్డుపడుననియు 1960లో వారు వాదించిరి. తరువాతి శాస్త్రజ్ఞులు కొందఱు దీనిని పూర్తిగ నంగీకరింపలేదు. అయినను జొన్న తప్ప మఱియొకటి యెఱుగని బీదలకే యీ రోగము వచ్చెనను సంగతిని కాదనినవారు లేరు.

"మా తాతలు జొన్నలు తినియే బండలెత్తిరి గదా" యని యడుగువారు కలరు. నిజమే. ఆ తాతల పళ్లెమున జొన్నరొట్టె ప్రక్కన కందిపప్పు, మజ్జిగ, ఆకుకూర యుండెడివి. గొడ్డుకారముతో గటక మ్రింగి పనికి పోయినవాని సంగతి వేఱు. ఒకే గాదెలోని జొన్న తిన్న దొరకు రాని రోగము పాలేరునకు వచ్చినచో, తప్పు గింజదా? పళ్లెముదా?

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. జొన్నకూడు తగ్గినకొలది ఈ వ్యాధియు నరుదయ్యెను. అంతమాత్రమున మనము గెలిచితిమని సంతోషింపరాదు. గింజ మాఱినది గాని, దాని ప్రక్కన నేమియు లేని పళ్లెము అనేక గృహములలో నట్లే యున్నది. వలసపోయి పరాయి యూళ్ల కట్టడముల యొద్ద గుడిసెలలో వండుకొను పాలమూరు కూలి నడుగుడు; పప్పు వండినది యెన్నడో చెప్పును. కూలిడబ్బు మద్యమునకు పోసి కూడు మానిన వారిలో పెల్లాగ్రా నేటికిని కానవచ్చుచునే యున్నది.

ఇందలి వింత యేమనిన, మందు మన చేలలోనే యున్నది. ఈ మూడు ప్రాంతములును వేరుసెనగకు పేరుపొందినవి. నూరు గ్రాముల పల్లీలలో సుమారు 12 మిల్లీగ్రాముల నయాసిన్ ఉండును. మనుష్యునికి దినమునకు వలసినది సుమారు 15. పల్లీలు పండించు చేయి వానిని బస్తాలకెత్తి మార్కెటుయార్డునకు పంపి, ఇంటికి వచ్చి ఉత్త కూడు తినుచున్నది. రోగమును, దాని మందును ఒకే పొలమున పండించుకొని, మందును మాత్రమే యమ్ముకొను దుర్గతి యిది!

కావున చౌకధరల దుకాణమున బియ్యముతో పప్పును, పల్లీలను గూడ నీయవలెను. బడిపిల్లల భోజనమున పల్లీలు నిత్యము చేరవలెను. కూలి ధర నిర్ణయించువారు గింజల వెలను మాత్రమే గాక పప్పు వెలను గూడ లెక్కింపవలెను. పట్టణములలో జొన్నరొట్టెను కీర్తించు సోదరులు తమ పళ్లెమున దాని చుట్టునున్న పప్పు, పెరుగు, కూరలను గూడ కీర్తింతురు గాక. వాని నన్నిటిని వదలి జొన్ననొక్కదానినే బీదవానికి మందని బోధించుట, వాని పేదఱికమునకు పథ్యమని పేరు పెట్టుటయే యగును.