‘లేదండీ’ అన్నవన్నీ రాసిపెట్టండి

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది. పూతరేకు అంటే బియ్యప్పిండి రేకు, నెయ్యి, పంచదార లేదా బెల్లం. ఇప్పుడు షాపు ముందు నిలబడితే డ్రైఫ్రూట్, చాక్లెట్, షుగర్‌ఫ్రీ... ఇవేవీ పెద్ద ల్యాబ్‌లో పుట్టి ఉండవు. “పంచదార లేనివి ఉన్నాయా?” అని కౌంటర్ దగ్గర ఎవరో అడిగి ఉంటారు, ఓనర్ చెవిన వేసుకుని ఉంటాడు.

ఇప్పుడా అడగడం వాట్సాప్‌కి మారింది. మనం “లేదండీ” అని టైప్ చేస్తాం. సాయంత్రానికి ఆ చాట్ ఎక్కడో అడుక్కి పోతుంది. దాంతో పాటే ఒక కొత్త ప్రోడక్ట్ ఐడియా కూడా.

ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం ఉన్నవాళ్లు నన్ను మొదట అడిగేది “యాప్ చేయిస్తే ఎంతవుతుంది?” అని. నేను కోడ్ రాసి బతికేవాణ్నే అయినా చెబుతున్నా, వద్దు. అరకిలో గోంగూర కోసం ఎవరూ యాప్ డౌన్‌లోడ్ చేసుకోరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, యూపీఐ హిస్టరీ మంచివే, కానీ అవి అమ్ముడైనవే చూపిస్తాయి. అడిగినా మన దగ్గర లేక వెనక్కి పోయిన కస్టమర్ వాటిలో ఎక్కడా కనిపించడు.

అందుకే ఒక గూగుల్ షీట్ చాలు. తేదీ, ఏం అడిగారు, ఎంత సైజు, ఏ ఊరు. వాట్సాప్ బిజినెస్‌లో ఆ చాట్‌కి ‘అడిగారు-లేదు’ అని లేబుల్ పెట్టండి. నెలయ్యాక షీట్ చూస్తే, వెల్లుల్లి లేని ఆవకాయ ఆరుగురు అడిగారనుకోండి. సూట్‌కేసులో కారని పావుకిలో ప్యాక్ పదిహేను మంది అడిగారనుకోండి. రెండోది కొత్త పచ్చడే కాదు! మారాల్సింది డబ్బా. వంటింట్లో కూర్చుని ఎంత ఆలోచించినా ఇది తట్టదు.

వెంటనే యాభై కిలోలు కలిపేయకండి. ఐదు కిలోలు చాలు. లేబుల్ ఉన్న వాళ్లకే మెసేజ్ పెట్టి, యూపీఐలో అడ్వాన్స్ అడగండి. “సూపర్ అన్నా” అనే రిప్లై ఆర్డర్ కాదు. లేబుల్ మీద బ్యాచ్ నంబర్ ఎలాగూ వేయాలి కాబట్టి ఈ లాట్‌కి వేరే నంబర్ వేసి, అదే షీట్‌లో రాయండి. రేపు “నూనె కారింది” అని ఫోటో వస్తే ఏ డబ్బాలదో తెలుస్తుంది.

అసలు ప్రమాదం ఇంకోటుంది. చాలా ఇళ్లలో షాపు వాట్సాప్ కొడుకు ఫోన్‌లోనే ఉంటుంది. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తే కస్టమర్లూ వాడితోనే బస్సెక్కుతారు. షాపుకి వేరే సిమ్, వేరే జీమెయిల్ తీసుకోండి. ఒక వాట్సాప్ అకౌంట్‌ని మెయిన్ ఫోన్ కాక మరో నాలుగు డివైస్‌లలో లింక్ చేసుకోవచ్చు. షీట్‌లో మాత్రం కస్టమర్ల ఫోన్ నంబర్లు వద్దు. అది పనివాళ్లందరూ చూస్తారు.

అమ్మకి టైపింగ్ రాదంటారా? కీబోర్డ్‌లో మైక్ నొక్కి తెలుగులో చెప్పమనండి, తెలుగులోనే పడుతుంది. ఒక్కోసారి గోంగూర ఇంకేదో అవుతుంది. ఆదివారం పది నిమిషాలు కూర్చుని మీరు సరిచేయండి.