ఆయన కొలెస్ట్రాల్ కోసం కాదు, నా కాళ్ల కోసం

పోయిన నెల మిర్యాలగూడలో మా ఆడబిడ్డ వాళ్ల గృహప్రవేశంలో నేనొక అబద్ధం చెప్పాను. భోజనాలయ్యాక ఆడవాళ్లం పదిమందిమి కొత్తింటి వంటగదిలో చేరాం. మాటల్లో మా ఇంట్లో ఎయిర్ ఫ్రయర్ ఉన్న సంగతి బయటపడింది. వెంటనే ఒకావిడ "ఏం, అన్నయ్యకి కొలెస్ట్రాల్ ఉందా?" అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "అవునండీ, డాక్టరు నూనె తగ్గించమన్నాడు" అన్నాను. అందరూ అయ్యో అన్నారు. మంచి పని చేశావని ఒకావిడ మెచ్చుకుంది కూడా.

మా ఆయనకి కొలెస్ట్రాల్ లేదు. పోయిన ఏడాది చేయించిన పరీక్షల కాగితం బీరువాలోనే ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎయిర్ ఫ్రయర్ కొన్నది నా కోసం. పొయ్యి ముందు నిలబడలేక కొన్నాను, నా చిట్టీ డబ్బులతో కొన్నాను. ఆ ఒక్క మాట, మగవాళ్లెవరూ లేని చోట, నాలాగే పొయ్యి ముందు నిలబడే పదిమంది ఆడవాళ్ల మధ్య కూడా నా నోట రాలేదు. సూర్యాపేట బస్సెక్కాక దారి పొడుగునా అదే నన్ను తొలిచేసింది. అందుకే ఇది రాస్తున్నా.

దొండకాయ వేపుడు తినేవాళ్లకి తెలిసినంతగా దాని కష్టం తెలియదు. మేం ఆరుగురం. ముప్పావు కిలో దొండకాయలు సన్నగా తరగడానికే పావుగంట పైన పడుతుంది. తర్వాత మూకుట్లో వేసి సన్న మంట మీద నలభై నిమిషాలు. మూత పెడితే మెత్తబడిపోతాయి, కలపకుండా వదిలేస్తే అడుగంటుతాయి. పక్కకి పోవడానికి లేదు. ఫ్యాన్ వేసుకుందామంటే మంట ఆరిపోతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు మావి. సూర్యాపేట అయినా, మా పుట్టిల్లు కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా మే నెలలో గోడ ముట్టుకుంటే చుర్రుమంటుంది. ఆ గోడల మధ్య, ఆ మంట ముందు, ఫ్యాన్ లేకుండా నలభై నిమిషాలు. ఇరవై రెండేళ్లుగా వారానికి నాలుగుసార్లు. మా మామయ్యకి వేపుడు లేనిదే ముద్ద దిగదు. పప్పు పక్కన వేపుడు, పచ్చిపులుసు పక్కన వేపుడు. నా కుడి మణికట్టు మీద మచ్చ ఒకటుంది. బెండకాయల తడి సరిగ్గా ఆరకుండా నూనెలో వేసినప్పటిది. నలభై దాటాక మడమలు నొప్పులు మొదలయ్యాయి. రాత్రి పడుకున్నా కాళ్లు లాగుతూనే ఉంటాయి.

డబ్బా ఇంటికొచ్చిన రోజు అత్తమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "నూనె పొయ్యని ఏపుడు ఏపుడెట్లైతది బిడ్డా, ఎండబెట్టిన వరుగులైతయి గని" అంది. ఆమె మాటలో నిజముంది, దాని దగ్గరకి తర్వాత వస్తాను. మామయ్య మాత్రం "చేత్తో చేసిన రుచి మిషన్‌లో ఎట్లొస్తది?" అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మమ్మ రోలు మానేసి మిక్సీ వాడితే ఇదే మాట. 1999లో దీపం పథకం కింద సంఘాల్లోని ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు మా అమ్మ పేరు మీదా ఒకటి వచ్చింది. అప్పుడు మా తాతయ్య గ్యాస్ అన్నం తింటే కడుపుబ్బరం వస్తుందని వారం రోజులు కట్టెల పొయ్యి మీదే వండించుకున్నాడు. కట్టెలు మోసింది ఆయన కాదు, పొగలో దగ్గిందీ ఆయన కాదు.

ఒక్క మాట అడుగుతాను. సాగర్ ఎడమ కాలువ కింద మా వైపంతా వరి. ఒకప్పుడు కొడవళ్లతో కోసేవాళ్లు, ఇప్పుడు మిషన్ దిగి ఎకరం పొలాన్ని చూస్తుండగానే కోసేసి పోతుంది. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. రోకళ్లు పోయి మిర్యాలగూడ నిండా రైస్ మిల్లులు వచ్చాయి. ట్రాక్టర్ కొన్న మగవాణ్ని "ఎద్దులతో దున్నిన బియ్యం రుచే వేరు కదా, ఎందుకు కొన్నావ్" అని ఎవరన్నా అడిగారా? నడుము నొప్పి తప్పించుకోవడానికి కొన్నాడని వెక్కిరించారా? అది తెలివి, అది అభివృద్ధి. ఆడది ఐదారువేలు పెట్టి మంట ముందు నుంచి నలభై నిమిషాలు పక్కకి జరిగితే మాత్రం బద్ధకం. ఆ పేరు తప్పించుకోవడానికి మనం మొగుడి గుండెని అడ్డం పెట్టుకుంటాం.

అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఏ ప్రకటన చూసినా మీ కుటుంబ ఆరోగ్యం, మీవారి గుండె, మీ పిల్లల చదువు. మీ మడమలు అనే మాట ఒక్క ప్రకటనలో నాకు కనపడలేదు.

ఇప్పుడు అత్తమ్మ మాట దగ్గరకొస్తాను. ఎయిర్ ఫ్రయర్ అని ఫిలిప్స్ కంపెనీ 2010లో ఆ పేరుతో బజారులో పెట్టింది గానీ లోపల జరిగేది వేపుడు కాదు. అదొక చిన్న ఓవెన్. పైన కాలే కడ్డీ, దాని మీద ఫ్యాను. వేడిగాలి జోరుగా తిరుగుతూ కూరగాయ పైన తడిని లాగేస్తుంది. నూనెలో వేయించేటప్పుడు బుసబుసా వచ్చే బుడగలు కూడా నూనెవి కావు, కూరగాయలోని నీరు ఆవిరై బయటికి వస్తోందన్నమాట. కరకరలాడటమంటే పైపొరలో తడి పోవడమే. నూనె ఆ వేడిని బాగా అందిస్తుంది, గాలి అంత బాగా అందించలేదు. అందుకే అసలు నూనె లేకుండా పెడితే అత్తమ్మ చెప్పినట్టు వరుగులే. మొదటి వారం నేను చేసినవి అవే. మా అబ్బాయి ఒక బెండకాయ ముక్క పళ్లతో లాగి చూసి, "అమ్మా, ఇది చెప్పు తోలు" అన్నాడు.

ఇప్పుడు కుదిరింది. బెండకాయలు కడిగి, బట్టతో తుడిచి, ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి అప్పుడు తరుగుతాను. అరకిలోకి రెండు చిన్న చెంచాల నూనె చేత్తో పట్టించి, 180 డిగ్రీల మీద పదిహేను నిమిషాలు. మధ్యలో ఒకసారి బుట్ట లాగి ఊపాలి. ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది, కాబట్టి బయటికి తీశాకే ఉప్పు, వెల్లుల్లి కారం, పల్లీల పొడి. కాకరకాయకి మాత్రం లెక్క వేరు. దానికి ముందే ఉప్పు రాసి, నీరూ చేదూ పిండేసి పెట్టాలి. ఆలుగడ్డ ముక్కలు అరగంట నీళ్లలో వేసి పిండి వదిలించి, తడి తుడిచి పెడితే బంగారు రంగు వస్తుంది. అంతకన్నా నల్లబడనివ్వకండి. పిండి పదార్థం ఎక్కువ వేడి మీద మాడితే అక్రిలమైడ్ అనే చెడు పదార్థం తయారవుతుందని స్వీడన్ వాళ్లు 2002లో బయటపెట్టారు. నూనె లేనంత మాత్రాన అది రాకుండా పోదు. బుట్ట నింపకూడదు, నింపితే కూరగాయలు ఉడుకుతాయి గానీ వేగవు. మా ఆరుగురికి రెండు వాయిలు పడుతుంది. కరివేపాకు రెబ్బలు విడిగా వేశారో, గాలికి ఎగిరి కడ్డీకి తగులుకుని ఇల్లంతా మాడు వాసన. మిర్చి బజ్జీ దీంట్లో కాదు, జారుడు పిండి కారిపోతుంది. గారె అసలే కాదు. పండగకి మూకుడు పెట్టాల్సిందే. కొనేముందు వంటింట్లో పెద్ద ప్లగ్గు ఉందో లేదో చూసుకోండి. 1500 వాట్లది ఇరవై నిమిషాలు తిరిగితే అర యూనిట్ కరెంటు.

ఇంత చెప్పాక కూడా "నిజంగా నూనె తగ్గుతోంది కదా, ఆరోగ్యమని చెబితే తప్పేంటి" అని మీరు అడగొచ్చు. నూనె తగ్గడం మంచిదే, నేను కాదనను. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో నెలకి కొనే నూనెలో పదోవంతు తగ్గించుకోమని దేశానికంతా చెప్పారు. మా ఇంట్లో అది విన్నది మా ఆయన. విని టీవీ ముందు నుంచే "విన్నావా?" అని నన్ను అడిగాడు! దేశానికి చెప్పిన మాట నాలుగు అడుగులు నడిచి వంటింట్లోకి వచ్చి నా మెడకి చుట్టుకుంది. సాయంత్రం ఐదింటికి స్నేహితులతో బండి దగ్గర తినే నాలుగు బజ్జీలు ఆ పదోవంతు లెక్కలోకి రావు. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచకూడదని, అందులో పోలార్ కాంపౌండ్లు అనేవి 25 శాతం దాటితే ఆ నూనె పారబోయాలని 2018 జులై నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. మొన్న నేను అది చెబితే "ఒక్కరోజుకేమవుతుంది" అన్నాడు. ఆ ఒక్కరోజు వారానికి ఐదుసార్లు వస్తుంది.

ఈ అబద్ధంలో నాకు భయం పుట్టించేది అదే. ఆయన గుండె కోసం మిషన్ కొన్నానని నేను ఊరంతా చెప్పుకున్నాననుకోండి. రేపు, దేవుడు అలా చెయ్యకూడదు గానీ, ఏదన్నా తేడా వస్తే అందరూ నావైపే చూస్తారు. మిషన్ కూడా పెట్టుకుని చూసుకోలేకపోయింది అంటారు. నా కాళ్ల నొప్పి చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆయన రక్తనాళాలకి పూచీ పడ్డానన్నమాట. వద్దు. ఆయన బజ్జీలు ఆయన లెక్క.

ఇంకో మాట మా అమ్మాయి చెప్పింది. డిగ్రీలో సోషియాలజీ చదువుతోంది. రూత్ ష్వార్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాసిందట. ఇంట్లోకి మిషన్లు వచ్చినకొద్దీ తల్లి పని తగ్గలేదు, పెరిగిందని. బట్టలుతికే మిషన్ వచ్చాక రోజూ ఉతకడం మొదలైంది, అలాగ. నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే డబ్బా వచ్చిన నెలకే మా ఇంట్లో సాయంత్రం ఐదింటికి కొత్త కోరిక పుట్టింది. "మిషనుంది కదా, ఆలుగడ్డ కరకరలాడేట్టు చెయ్యి." మిషనుంది కదా అనే మాట మొదట్లో నవ్వుతూ విన్నాను. నాలుగో సాయంత్రానికి వినబుద్ధి కాలేదు. 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకి 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. మిగిలిన నలభై నిమిషాల్ని కాపాడుకోకపోతే అవి కూడా ఆ 289లోనే కలిసిపోతాయి.

నేనొక కట్టుబాటు పెట్టాను. మధ్యాహ్నం వేపుడు నాది. సాయంత్రం కరకరలు ఎవరికి కావాలంటే వాళ్లే తరుక్కుని, వాళ్లే పెట్టుకుని, బుట్ట వాళ్లే కడగాలి. మా అబ్బాయికి పదహారేళ్లు, రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. మరిగే నూనె ఉన్నన్నాళ్లూ వాణ్ని పొయ్యి దగ్గరకి నేనే రానిచ్చేదాన్ని కాదు, ఆ మాటా ఒప్పుకోవాలి. మా ఆయన ఒకసారి చేశాడు. బుట్ట కడగలేదు. మూడు రోజులు అలాగే ఉంచాను, వాసన వచ్చాక ఆయనే కడిగాడు. ఆ నలభై నిమిషాల్లో నేనేం చేస్తానని అడుగుతారేమో. కూర్చుంటాను. ఒక్కోరోజు ఏదో చదువుకుంటాను, చాలారోజులు ఊరికే ఫ్యాన్ కింద కాళ్లు చాపుకుని కూర్చుంటాను.

ఇదంతా రాస్తుండగా నిన్న మా ఆడబిడ్డ మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసింది. తనూ కొందామనుకుంటోందట. అసలు సంగతి చెప్పకుండా కాసేపు అటూఇటూ మాట్లాడి, "వదినా, మరి ఆయనకి ఏమని చెప్పి కొనాలి? మా ఆయనకి కొలెస్ట్రాల్ కూడా లేదు" అంది.

"మీ అన్నయ్యకీ లేదమ్మా. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అన్నాను. "నిలబడలేకపోతున్నా, అందుకు కావాలి అని చెప్పు."

అవతల కొంచెంసేపు మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

"దొండకాయకి ఎన్ని నిమిషాలు పెట్టాలి వదినా?" అంది.

"ఇరవై. మధ్యలో ఒకసారి ఊపాలి."