ఆదివారం ప్రార్థన, సోమవారం బేరం

తణుకు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ల అమ్మాయి అక్కడే ఓ బట్టల కొట్లో బిల్లులు రాస్తోందట. ఇంటికి ఆ జీతమే ఆధారం. "మేం ప్రభువుని నమ్ముకున్నవాళ్లం. మా పిల్లకి మూడు చిక్కులొచ్చాయి. చీరల మీద ఎక్కువ రేటు చీటీలంటించి, సగానికి సగం తగ్గించామని చెప్పమంటున్నారు. పండగల రోజుల్లో ఆదివారం కూడా రమ్మంటున్నారు. దసరా పూజకి అందరూ ఉండాలంటున్నారు. మానేస్తే పొయ్యి మీద ఎసరు లేదు, మానకపోతే పిల్లకి నిద్ర లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా, ముందు ఈ మూడింటినీ ఒకే మూట కట్టకండి. మూడూ ఒకలాంటివి కావు.

మొదటిది అబద్ధం. ఇందులో సర్దుబాటు లేదు. సంచిలో పెద్దదొకటీ చిన్నదొకటీ రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం ఇరవై అయిదో అధ్యాయంలోనే ఉంది. తూకపు రాయికైనా ధర చీటీకైనా న్యాయం ఒక్కటే. అయితే పదిమందిలో యజమానిని నిలదీయక్కర్లేదు. రద్దీ లేని వేళ చూసి, "బాబుగారూ, బిల్లు ఎంతైతే అంతే చెబుతాను. పాత రేటు మాత్రం నా నోట చెప్పించకండి. నన్ను స్టాకు లెక్కల్లో వేసినా ఫర్వాలేదు" అని మెల్లగా అడగమనండి. ధర విషయంలో కొనేవాళ్లని తప్పుదారి పట్టించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా తప్పే. ఆ మాట యజమాని చెవిన పడితే ఆయనకే మేలు.

రెండోది ఆదివారం. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి వారానికో రోజు సెలవివ్వాలని మన రాష్ట్రంలో 1988 నాటి చట్టం ఉంది. కానీ అది ఆదివారమే కావాలని పట్టుబట్టలేం. తోటి అమ్మాయితో మాట్లాడుకుని, ఆవిడ పండగనాడు ఈమె పనిచేసి, ఆదివారం ఉదయం రెండు గంటలు వెసులుబాటు అడగొచ్చు. అదీ కుదరకపోతే సాయంత్రం ఆరాధన ఉన్న చర్చికి వెళ్లొచ్చు. ఆదివారం డ్యూటీ చేసే నర్సమ్మకి భక్తి లేదని ఎవరంటారు? విశ్రాంతి దినాన రోగుల్ని బాగుచేశాడని ఏసుప్రభువునే తప్పుపట్టారు కదా!

మూడోది పూజ. ఇలాంటి చిక్కే కొరింథు ఊరివాళ్లకి వస్తే పౌలు తన మొదటి పత్రికలో ఎనిమిది, పది అధ్యాయాల్లో దాని గురించే రాశాడు. తినే పదార్థం మనల్ని దేవుడికి దగ్గర చెయ్యదు, దూరమూ చెయ్యదు. కానీ మన మనస్సాక్షినీ ఎదుటివాళ్ల మనస్సాక్షినీ చూసుకోవాలన్నది ఆయన మాటల సారాంశం. కాబట్టి కొట్టు కడగడంలో, వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వడంలో మీ అమ్మాయి అందరికంటే ముందుండాలి. హారతి వేళకి ఓ పక్కగా నిలబడితే చాలు. ప్రసాదం వద్దనుకుంటే మొహం చిట్లించకుండా నవ్వుతూ చెప్పాలి. మన దేవుణ్ణి గౌరవించమని అడిగేవాళ్లం, వాళ్ల దేవుణ్ణి ఎగతాళి చెయ్యకూడదు.

ఇంకో మాట. బిల్లుల కోసం జనం నిలబడి ఉంటే బల్ల కింద బైబిలు చదువుకోవడం భక్తి కాదు. ఆ గంటకి జీతం తీసుకుంటున్నాం. పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు. దొర్కా పేద విధవలకి బట్టలు కుట్టింది. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి మన నరసాపురంలో సువార్త పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దొరలు కూడా పెద్ద చదువుల వాళ్లు కారు. ఒకరు రాళ్ల పని మేస్త్రీ, ఒకరు చెప్పులు కుట్టినవారు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గట్టి క్రైస్తవుడే. ఆయన ఏ చర్చికి వెళ్లాడో మన రైతుల్లో ఎందరికి తెలుసు? కాలవలో నీళ్లొచ్చాయి, అందుకే అన్ని మతాలవాళ్లూ ఊరూరా ఆయనకి విగ్రహాలు పెట్టుకున్నారు. మీ అమ్మాయి బిల్లులో పైసా తేడా రాదన్న పేరు తెచ్చుకుంటే, అబద్ధం చెప్పనన్నప్పుడు ఆ మాటకి బరువుంటుంది.

అయినా యజమాని వినకపోవచ్చు, ఉద్యోగం పోవచ్చు. అందుకే ఈ చివరి మాట పిల్లకి కాదు, మీకు. ఇవాళ్టి నుంచే నెలకి కొంత పక్కన పెట్టి, రెండు నెలల బియ్యం, పప్పు, పాల ఖర్చుకి సరిపడా కూడబెట్టండి. వేరే కొట్లోనూ వాకబు చేయించండి. ఒకవేళ పిల్ల ఉత్త చేతుల్తో ఇంటికొస్తే, "నీ భక్తి మనకి కూడు పెడుతుందా?" అని మాత్రం అనకండి. కాళ్లు కడుక్కోమని చెప్పి, ముందు అన్నం పెట్టండి.